ర్యామ్ మీటరు ఏది పెట్టుకోవాలి, అందులో ఏ అంకె చూడాలి

దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే రోజు పొద్దున తిరుపతిలో ఏ నెట్ సెంటర్‌లోకి తొంగిచూసినా ఒకటే సీను. కౌంటరు చుట్టూ పదిమంది, అందరి చేతుల్లో ఆధార్ జిరాక్సులు, అందరి చూపూ గడియారం మీద. మాది బాలాజీ కాలనీ పక్క సందులో చిన్న షాపు. మూడు సిస్టమ్‌లు, ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను. అలాంటి ఒక పొద్దున ఆరుగురి వివరాలు కొట్టి పేమెంటు పేజీ దాకా వచ్చాక సిస్టమ్ బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. క్యాబినెట్ మీద హార్డ్‌డిస్కు లైటు మాత్రం ఆరకుండా వెలుగుతా ఉంది. "ఏంనా, అయిపోయిందా?" అన్నాడు వెనకాల నిలబడ్డ పెద్దాయన. "అయిపోతా ఉంది సామీ" అన్నాను, అయిపోయింది నా పనే అని తెలిసి కూడా.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. అది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ (ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు కూర్చునే చోటు). ఒక బ్రౌజర్‌లో ఇరవైకి పైగా ట్యాబులు, ఇంకొక బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్, వెనకాల పాస్‌పోర్ట్ ఫోటోల కోసం తెరిచి మరిచిపోయిన ఎడిటర్. ప్యానెల్ (తెర అంచున ఉండే పట్టీ) మీద గడియారం పక్కన ర్యామ్ ఎంత మిగిలిందో ఒక్క అంకె కనిపిస్తూ ఉండుంటే, అయిదు నిమిషాల ముందే నాలుగు ట్యాబులు మూసేసేవాణ్ని.

ఆ రోజు నుంచి మొదలైంది నా మీటర్ల పిచ్చి. షాపు సిస్టమ్‌ల మీద లైనక్స్ రకాలు, చిత్తూరులో బావ ఆఫీసు విండోస్, ఏర్పేడు ఐఐటీలో చదివే మేనల్లుడి ల్యాప్‌టాప్, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్నేహితుడి మ్యాక్‌బుక్, దొరికినదాని మీదల్లా పెట్టి చూశాను. ఏది ఎవరికి పనికొస్తుందో కింద చెప్తాను. ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. మీటరు పెట్టడం అయిదు నిమిషాల పని, ఏ అంకె చూపించమనాలో తెలియడానికి మాత్రం నాకు నెలలు పట్టింది.

కంపార్ట్‌మెంట్లు ఎన్ని నిండాయి, దర్శనానికి ఎన్ని గంటలు

తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం చాలా సులువు. రోజూ పేపర్లో వస్తుంది కదా, కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతుంది అని. ఊరినుంచి చుట్టాలు ఫోన్ చేసి అడిగితే మనం మొదటి అంకె చెప్పం, రెండోదే చెప్తాం. కంపార్ట్‌మెంట్లన్నీ నిండినా లైను చకచకా కదిలే రోజులుంటాయి. సగమే నిండినా లోపల ఏదో సేవ జరుగుతూ లైను నిలబడిపోయే సమయమూ ఉంటుంది.

ర్యామ్ మీటర్లలో ఎక్కువభాగం మనకు చూపించేది మొదటి అంకె. 'వాడకం 82 శాతం' అంటే కంపార్ట్‌మెంట్లు నిండాయని మాత్రమే. అది చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఊరికే ఉంచదు. ఒకసారి డిస్కు నుంచి చదివిన ఫైళ్లను మళ్లీ అవసరం పడొచ్చని ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది. దీన్ని క్యాష్ అంటారు. ఏదైనా ప్రోగ్రాముకు చోటు కావాల్సి వస్తే ఆ క్యాష్‌ను వదిలేస్తుంది. కాబట్టి లైనక్స్‌లో 'ఫ్రీ' అనే అంకె ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. దాన్ని మీటరులో పెట్టుకుంటే రోజంతా గుండెదడే. నేను మొదటి వారం చేసిన పని అదే.

చూడాల్సింది 'అవైలబుల్'. అంటే స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే అదనపు చోటు, మామూలుగా డిస్కు మీద) జోలికి పోకుండా, కొత్త ప్రోగ్రాములకు ఇంకా ఎంత ఇవ్వగలదో కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, వేసుకున్న అంచనా. లైనక్స్ కెర్నల్ 3.14తో, 2014లో, ఈ అంకె మెమరీ లెక్కలుండే మెమ్‌ఇన్ఫో ఫైలులోకి వచ్చింది. అంతకుముందు మీటర్లు రాసినవాళ్లు ఎవరి లెక్క వాళ్లు వేసుకునేవాళ్లు. ఎక్కువమంది ఫ్రీకి బఫర్లు, క్యాష్ కలిపి 'ఇదంతా ఖాళీయే' అనేవాళ్లు. అందులో ఒక మెలిక ఉంది. ప్రోగ్రాములు తమలో తాము పంచుకునే మెమరీ, ర్యామ్‌లోనే ఉండే తాత్కాలిక ఫైళ్లు కూడా ఆ క్యాష్ పద్దులోనే పడతాయి. అవసరమొచ్చింది కదా అని వాటిని పారేయడానికి కుదరదు, మహా అయితే స్వాప్‌లోకి నెట్టాలి. అందుకే ఆ పాత లెక్క వేసే మీటరు 'ఇంకా బోలెడంత ఉంది' అని చెప్తుండగానే సిస్టమ్ నత్తలా మారిపోతుంది.

ఒకే సిస్టమ్‌లో రెండు మీటర్లు రెండు అంకెలు చూపిస్తున్నాయని చాలామంది అడుగుతుంటారు. కారణం ఇదే. ఐత్రీస్టేటస్ అనే లైనక్స్ మీటరు (దాని సంగతి కింద వస్తుంది) అయితే వాడకాన్ని ఎలా లెక్కపెట్టాలో మిమ్మల్నే ఎంచుకోమంటుంది, 'క్లాసికల్' అంటే పాత పద్ధతి, 'మెమ్‌అవైలబుల్' అంటే కొత్తది. ఎంచుకునే వీలు ఎక్కడ కనిపించినా రెండోదే పెట్టుకోండి.

శాతం కన్నా జీబీ మేలు. 4 జీబీ సిస్టమ్‌లో 80 శాతం వాడేశామంటే మిగిలింది 800 ఎంబీ, నాలుగు బరువైన ట్యాబులకే చాలదు. 16 జీబీ సిస్టమ్‌లో అదే 80 శాతం అంటే ఇంకా 3 జీబీకి పైగా ఉంది, హాయిగా పని చేసుకోవచ్చు. అంకె ఒకటే, పరిస్థితి వేరు. 'మిగిలింది 1.4 జీబీ' అని కనిపిస్తే ఆలోచించాల్సిన పని లేదు, చూడగానే తెలుస్తుంది. 8 జీబీ వేయించుకున్నాం కదా, మీటరు మొత్తం 7.6 అనో 7.7 అనో చూపిస్తుందేంటని అనుమానం రావొచ్చు. షాపువాడు మోసం చేయలేదు. ప్రాసెసర్‌లోనో మదర్‌బోర్డులోనో ఉన్న గ్రాఫిక్స్ కొంత, ఫర్మ్‌వేర్, కెర్నల్ కొంత ముందే పక్కకు తీసుకుంటాయి.

ఇక రెండో అంకె, 'దర్శనానికి ఎన్ని గంటలు' అనేది. లైనక్స్‌లో దానికి సరిపోయేది ప్రెజర్ లెక్క. కెర్నల్ 4.20తో 2018 చివర్లో వచ్చింది. ప్రాక్ ఫోల్డర్‌లో ప్రెజర్ అనే ఫోల్డరు, అందులో మెమరీ అనే ఫైలు. తెరిస్తే రెండే వరుసలుంటాయి. మెమరీ దొరక్క పనులు ఆగిపోయిన సమయం గడిచిన 10 సెకన్లలో, 60 సెకన్లలో, 300 సెకన్లలో ఎంత శాతమో చెప్తాయి. 'సమ్' వరుస కనీసం ఒక పనైనా ఆగిన సమయం, 'ఫుల్' వరుస అన్ని పనులూ ఒకేసారి ఆగిన సమయం. మామూలుగా అక్కడ సున్నాలే ఉంటాయి. ఆ పది సెకన్ల అంకె సున్నా దాటి పైకి పోతుంటే లైను కదలడం లేదని అర్థం. ఎంత నిండిందన్నది అప్పుడు పట్టించుకోనక్కర్లేదు.

స్వాప్ గురించి ఒక్క మాట. స్వాప్‌లో కొంత వాడకం కనిపించడం జబ్బు కాదు. పొద్దుట్నుంచి ముట్టుకోని ప్రోగ్రాముల మెమరీ ముక్కలు (వీటిని పేజీలంటారు) అక్కడికి వెళ్లి పడుకుంటాయి, అంతే. అటూ ఇటూ రాకపోకలు ఆగకుండా జరుగుతుంటేనే ఇబ్బంది. పైగా ఫెడోరా అనే లైనక్స్ రకంలో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి స్వాప్ అంటే డిస్కు కాదు, ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్. అక్కడ స్వాప్ మీటరు చూసి డిస్కు అరిగిపోతుందని భయపడితే నవ్వుకోవాలి.

చిత్తూరులో బావ విండోస్

మా బావ చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తాడు. తోతాపురి సీజన్ వచ్చిందంటే వేబ్రిడ్జి చీటీలు, రైతుల బిల్లులు, ఎక్సెల్ షీట్లు, అకౌంట్ల సాఫ్ట్‌వేరు, అన్నీ ఒకేసారి తెరిచి ఉంటాయి. ఒకరోజు ఫోను. "ఏం బావా, టాస్క్ మేనేజర్లో ఎనభై అయిదు అని చూపిస్తా ఉండాది. పగిలిపోతుందా ఏమి?"

విండోస్‌లో మొదట చూడాల్సింది టాస్క్ మేనేజరే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో మెమరీ మీద నొక్కితే 'ఇన్ యూజ్', 'అవైలబుల్', 'కమిటెడ్', 'క్యాష్డ్' అని విడివిడిగా ఉంటాయి. అవైలబుల్ సంగతి పైన చెప్పిందే. కమిటెడ్ దగ్గర గీతకు అటూ ఇటూ రెండు అంకెలుంటాయి. రెండోది ర్యామ్, పేజ్‌ఫైలు (విండోస్ డిస్కు మీద పెట్టుకునే స్వాప్) కలిపిన హద్దు. మొదటి అంకె ఆ హద్దును తాకబోతుంటే ప్రోగ్రాములు మెమరీ దొరక్క మూసుకుపోవడం మొదలవుతుంది. బావ సిస్టమ్‌లో వాడకం 85 ఉన్నా అవైలబుల్ ఒకటింబావు జీబీ ఉంది, కమిటెడ్ హద్దుకు చాలా దూరంగా ఉంది. "పగలదులే, పని చేసుకో" అన్నాను.

మరి టాస్క్‌బార్ మీదే కనిపించాలంటే? టాస్క్ మేనేజర్ గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుంటుంది కానీ, ఆ బొమ్మ చూపించేది సీపీయూను, ర్యామ్‌ను కాదు. పాత విండోస్‌లో టాస్క్‌బార్‌లో దూరి కూర్చునే చిన్న చిన్న టూల్‌బార్లు చాలా ఉండేవి. 2021లో వచ్చిన విండోస్ 11 ఆ సదుపాయాన్నే తీసేసింది, దాంతో ఆ రకం మీటర్లు చాలావరకు మూలన పడ్డాయి. ఇప్పుడు నేను పెట్టమనేది ట్రాఫిక్‌మానిటర్. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్ 11 టాస్క్‌బార్ మీద కూడా కూర్చుంటుంది. మెమరీని శాతంగా చూపాలా, వాడినదిగా చూపాలా, మిగిలినదిగా చూపాలా అన్నది సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ఇందులో లైట్ అనే రకం తీసుకోండి. వేడి కొలిచే భాగం అందులో ఉండదు, అడ్మిన్ అనుమతీ అడగదు. ర్యామ్ చూడటానికి వేడితో మనకేం పని. డౌన్‌లోడ్ మాత్రం దాని గిట్‌హబ్ పేజీ నుంచే చేసుకోండి, వెతికితే వచ్చే వేరే సైట్ల నుంచి వద్దు.

ఆఫీసు సిస్టమ్‌లో బయటి సాఫ్ట్‌వేరు పెట్టనివ్వకపోతే ఇంకో దారి ఉంది. విండోస్ కీ, జీ కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ డబ్బాకు పిన్ గుచ్చితే తెర మూలన ర్యామ్ శాతం తేలుతూ ఉంటుంది. గేములాడే వాళ్ల కోసం చేసింది, అకౌంట్లవాళ్లకూ పనికొస్తుంది. అయితే షీట్లలో చివరి కాలమ్‌ను మూసేస్తుందని బావ రెండో రోజే తీసేశాడు.

రెయిన్‌మీటర్ గురించి కొందరు గొప్పగా చెప్తారు. చూడటానికి అందంగా ఉంటుంది, నిజమే. కానీ మామూలుగా అది ఉండేది డెస్క్‌టాప్ మీద, ముందు ఏ కిటికీ తెరిచినా మూసుకుపోతుంది. ఖాళీ డెస్క్‌టాప్ చూస్తూ కూర్చునే వాళ్లకు ర్యామ్ సమస్య ఎందుకొస్తుంది? లైనక్స్‌లో ఇలాంటిదే అయిన కాంకీ మీద కూడా నాకు ఇదే ఫిర్యాదు.

షాపులో లైనక్స్

లైనక్స్‌లో డెస్క్‌టాప్‌లు, అంటే తెర మీద కనిపించే ప్యానెల్, మెనూల ఏర్పాట్లు, చాలా రకాలు. పాత సిస్టమ్‌లకు ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ మించింది లేదని నా నమ్మకం, వాదించేవాళ్లు వాదించుకోండి. దాని ప్యానెల్‌కు సిస్టమ్ లోడ్ మానిటర్ అనే ప్లగిన్ (కలుపుకునే చిన్న ముక్క) ఉంది. ప్యానెల్ మీద కుడి క్లిక్ చేసి కలుపుకుంటే సీపీయూ, మెమరీ, స్వాప్, నెట్‌వర్క్‌లకు సన్నటి నిలువు పట్టీలు వస్తాయి. మిగతావి తీసేసి మెమరీ, స్వాప్ మాత్రం ఉంచుకోండి. మౌస్ పట్టీ మీద ఆనిస్తే అంకె కనిపిస్తుంది. క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాము తెరవాలో కూడా చెప్పొచ్చు, అక్కడ టాస్క్ మేనేజర్ పెట్టుకుంటే ఎవరు తింటున్నారో వెంటనే పట్టుకోవచ్చు. కంప్యూటర్ గురించి పెద్దగా తెలియని వాళ్లకు ఇది చాలు. మా షాపులో కూర్చునే అబ్బాయికి నేను చెప్పింది ఒక్కటే: "ఈ పట్టీ పైకి ఆనిందంటే కొత్త ట్యాబు తెరవద్దు."

నా సొంత సిస్టమ్‌లో మాత్రం జెన్‌మాన్ వాడతాను. ఇది ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌కే ఉన్న ఇంకో ప్లగిన్. దానంతట అది ఏమీ కొలవదు. మీరు ఇచ్చిన కమాండును ఇన్ని సెకన్లకోసారి నడిపి, అది ఏం చెప్తే అది ప్యానెల్ మీద రాస్తుంది. మెమ్‌ఇన్ఫో ఫైలులోంచి అవైలబుల్ వరుసను, ప్రెజర్ ఫైలులోంచి పది సెకన్ల అంకెను తీసే నాలుగు వరుసల స్క్రిప్టు రాసుకుంటే సరిపోతుంది. నా ప్యానెల్ మీద తెలుగులోనే వస్తుంది, 'మిగులు 1.2 | ఒత్తిడి 0' అని. తెలుగు అక్షరాలు ప్యానెల్ మీద చక్కగానే కనిపిస్తాయి. కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు "ఇదేంది నా, ఒత్తిడి సున్నా అంటా ఉంది, మాకు లేదా ఏమి సున్నా" అని నవ్వుతారు.

ఉబుంటు వాడేవాళ్లకు వచ్చేది గ్నోమ్ డెస్క్‌టాప్. దాని పై పట్టీలో ర్యామ్ మీటరు లేదు, ఎక్స్‌టెన్షన్ (బయటివాళ్లు రాసిన అదనపు ముక్క) వేసుకోవాలి. వైటల్స్ అనేది బాగా నడుస్తున్న ఎక్స్‌టెన్షన్. అందులో మెమరీ కింద వాడకం, అవైలబుల్, క్యాష్, స్వాప్ అన్నీ ఉంటాయి, కావలసినదాన్ని ఎంచుకుంటే పట్టీ మీదకు వస్తుంది. ఎంచుకునేటప్పుడు అవైలబుల్‌నే ఎంచుకోండి. చిక్కంతా తర్వాత వస్తుంది. గ్నోమ్ ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ తెస్తుంది, దానికి తగ్గట్టు ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లు మార్చకపోతే అది పనిచేయదు. 2023 సెప్టెంబరులో గ్నోమ్ 45 వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, పాతవన్నీ మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. పైగా ఎక్స్‌టెన్షన్ నడిచేది డెస్క్‌టాప్ షెల్ లోపలే. అది తప్పటడుగు వేస్తే ప్యానెల్‌తో పాటు అన్నీ తడబడతాయి. కాబట్టి గ్నోమ్‌లో నా సలహా, ఒక్క ఎక్స్‌టెన్షన్ మించి వద్దు, అప్‌గ్రేడ్‌కు ముందు అది కొత్త వెర్షన్‌కు ఉందో లేదో చూసుకోండి.

కేడీఈ ప్లాస్మాలో ఈ బాధ లేదు. మెమరీ విడ్జెట్ డెస్క్‌టాప్‌తోనే వస్తుంది. వలయంగా కావాలా, పట్టీగా కావాలా, ఉత్త అంకెగా కావాలా ఎంచుకోవచ్చు. ఏ సెన్సర్‌ను చూపాలో కూడా మార్చుకోవచ్చు. మేట్ డెస్క్‌టాప్‌లోనూ ఇలాంటి గ్రాఫు ఆప్లెట్ ఎప్పటినుంచో ఉంది.

మేనల్లుడిది ఇంకో లోకం. వాడి ల్యాప్‌టాప్‌లో ఐత్రీ (ప్రాసెసర్ కాదు, కీబోర్డుతోనే కిటికీలు నడిపే లైనక్స్ ఏర్పాటు), మౌస్ ముట్టుకోడు. "మామా, నీ ప్యానెల్ సగం తెర తింటోంది" అని నన్ను ఏడిపిస్తాడు. వాడి దగ్గర కూర్చుని చూసినప్పుడు ఒప్పుకున్నాను, స్టేటస్ బార్ అంటే అసలు అర్థం అక్కడే ఉంది. ఐత్రీస్టేటస్ సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము, సిస్టమ్‌ను వీలైనంత తక్కువగా కదిలించేలా కట్టారు. మిగిలింది ఇంత కన్నా తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు అని రెండు గీతలు పెట్టుకోవచ్చు. ఆ గీత దాటినప్పుడు మాటను కూడా మార్చుకోవచ్చు. మామూలుగా ఏమీ చూపించకుండా, 1 జీబీ కన్నా తగ్గినప్పుడే 'మెమరీ తక్కువ' అని పడేలా పెట్టుకున్నాడు వాడు. నాకు నచ్చిన ఏర్పాటు అదే. ఎప్పుడూ కనిపించే అంకెను కన్ను నాలుగు రోజుల్లో మరిచిపోతుంది, గోడ మీద క్యాలెండరులా. అవసరమైనప్పుడే పలికేది మనల్ని లేపుతుంది.

ఇలాంటి స్టేటస్ బార్లు ఇంకా ఉన్నాయి. ఐత్రీబ్లాక్స్‌లో ప్రతి ముక్కా ఒక స్క్రిప్టు. ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు, కానీ సెకనుకోసారి నాలుగు స్క్రిప్టులు పుట్టి చస్తుంటే బ్యాటరీ మీద పడుతుంది. పాలీబార్ చూడ ముచ్చటగా ఉంటుంది, శాతం, వాడిన జీబీ, మిగిలిన జీబీ అన్నీ చూపుతుంది. లైనక్స్‌లో తెర మీద కిటికీలు చూపించే పద్ధతులు రెండు, పాతది ఎక్స్ విండో, కొత్తది వేలాండ్. పాలీబార్ పాతదానికే పరిమితం, వేలాండ్ మీద నడవదు. స్వే లాంటి వేలాండ్ డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లకు వేబార్. అది మెమరీని మామూలుగా 30 సెకన్లకోసారి చూస్తుంది. మొదట ఇదేంటి ఇంత బద్ధకం అనుకున్నాను. తర్వాత 5కు తగ్గించి నెల రోజులు వాడాక, మళ్లీ 10కి పెంచుకున్నాను. ర్యామ్ నిండటానికి ఎక్కువసార్లు నిమిషాలు పడుతుంది, రెప్పపాటులో కాదు. సెకనుకోసారి గెంతే అంకె పక్కన కూర్చుని పని చేయడం, పక్కింటి పంపు చుక్కలు వింటూ పడుకోవడం లాంటిది.

మ్యాక్ వాళ్లకు క్లుప్తంగా

మ్యాక్‌లో యాపిల్ వాళ్లే సగం పని చేసిపెట్టారు. 2013లో మావెరిక్స్ వెర్షన్‌తో మెమరీని కుదించి దాచే పద్ధతి తెచ్చారు. యాక్టివిటీ మానిటర్‌లో 'మెమరీ ప్రెజర్' అని గ్రాఫు ఉంటుంది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో. మన 'ఎన్ని గంటలు' అంకె అదే. నా స్నేహితుడిది 8 జీబీ ఎం1 ఎయిర్, ఆల్బమ్ డిజైను చేస్తుంటే వాడకం ఎప్పుడూ అంచునే ఉంటుంది, గ్రాఫు మాత్రం ఆకుపచ్చే. మెనూ బార్ మీద కావాలంటే స్టాట్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము చాలు. ఐస్టాట్ మెనూస్ డబ్బు పెట్టి కొనేది, ఇంకా నగిషీగా ఉంటుంది. ర్యామ్ కోసమే అయితే డబ్బు పెట్టక్కర్లేదని నా లెక్క. ఆ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తర్వాత పెంచుకునే వీల్లేదు కాబట్టి, కొనబోయేవాళ్లు ముందు ఎవరిదైనా అలాంటి మ్యాక్‌లో తమ పని చేసి ఆ రంగు చూసుకుంటే మంచిది.

శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు వద్దు

మీటరు పెట్టుకున్న రెండో వారం ప్రతివాడికీ ఒక బుద్ధి పుడుతుంది, ఒక్క బటన్ నొక్కితే ర్యామ్ ఖాళీ చేసే సాఫ్ట్‌వేరు వేద్దామని. నేనూ చేశాను. లైనక్స్‌లో క్యాష్‌ను వదిలించే కమాండు ఒకటుంది, దాన్ని పది నిమిషాలకోసారి దానంతటదే నడిచేలా పెట్టాను. మీటరు అంకె అద్భుతంగా కనిపించింది. సిస్టమ్ మాత్రం పది నిమిషాలకోసారి ఆయాసపడేది, ఎందుకంటే పారేసిన ఫైళ్లనే మళ్లీ డిస్కు నుంచి మోసుకొచ్చుకోవాలి. మూడు రోజులు హార్డ్‌డిస్కునే తిట్టుకున్నాను. నాలుగో రోజు తెలిసింది చేసింది నేనేనని. విండోస్‌లో 'ర్యామ్ బూస్టర్' పేరుతో వచ్చేవి చేసేదీ ఇంచుమించు ఇదే. నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలను బయటికి నెట్టి అంకెను అందంగా చూపిస్తాయి. ఆ ప్రోగ్రాము మీద మళ్లీ క్లిక్ చేసినప్పుడు తెలుస్తుంది ఖరీదు.

మీటరు కన్ను మాత్రమే, చెయ్యి కాదు. కోటా రోజున కౌంటరు దగ్గర అంకె చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? అందుకే షాపు సిస్టమ్‌లన్నిట్లో ఎర్లీఊమ్ అనే కాపలా ప్రోగ్రాము కూడా వేశాను. మిగిలిన మెమరీ, మిగిలిన స్వాప్ రెండూ పది శాతం కన్నా తగ్గితే, ఎక్కువ తింటున్న ప్రోగ్రామును అదే మూసేస్తుంది. ఒక్కోసారి మనకు కావలసిన ట్యాబునే చంపుతుంది, నిజమే. సిస్టమ్ మొత్తం బిగుసుకుని ప్లగ్ పీకడం కన్నా అది నయం. ఉబుంటులో 22.04 నుంచి ఈ పనికి సిస్టమ్‌డీతో (లైనక్స్‌లో వెనకాల సర్వీసులను నడిపే భాగం) వచ్చే ఊమ్‌డీ ఉంది. అది పైన చెప్పిన ప్రెజర్ లెక్కను కూడా చూస్తుంది. రెండూ ఒకేసారి పెట్టుకోకండి.

ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్లకో, పిల్లలకో అయితే డెస్క్‌టాప్‌తో వచ్చిన పట్టీ చాలు. అంకెలు వద్దు, రంగు మారితే చాలు. 8 జీబీ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసేవాళ్లు ట్రాఫిక్‌మానిటర్‌లో మిగిలిన జీబీని పెట్టుకోండి. ఆఫీసు వాళ్లు ఒప్పుకోకపోతే టాస్క్ మేనేజర్ చాలు, రోజుకు రెండుసార్లు తెరిచి చూస్తే సరిపోతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు, వర్చువల్ మిషన్లు (ఒక సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్) నడిపేవాళ్లు ప్రెజర్ అంకె లేకుండా ఉండకండి, మీకు మిగులు అంకె చాలాసార్లు ఆలస్యంగా చెప్తుంది. 16 జీబీ ఉండి, బ్రౌజరు, సినిమాలు తప్ప ఏమీ వాడని వాళ్లకు మీటరే అక్కర్లేదు. ఆ చోటులో ఇంకో గడియారం పెట్టుకోండి.

ర్యామ్ పెంచాలా వద్దా అని తేల్చుకోవడానికే మీటరు పెట్టేవాళ్లుంటే, వారం రోజులు రోజూ బాగా రద్దీగా ఉన్న గంటలో మిగులు ఎంతకు పడిందో ఒక చీటీ మీద రాసుకోండి. మా షాపు సిస్టమ్‌లో ఆ వారం మిగులు రోజూ 300 ఎంబీ దగ్గరికి పడింది, ఒత్తిడి అంకె రెండుసార్లు ముప్పై దాటింది. వెంటనే ఇంకో 4 జీబీ వేశాను. పాత సిస్టమ్‌కు సెకండ్ హ్యాండ్ స్టిక్ కొంటుంటే దాని మీద డీడీఆర్3 అని ఉందా, డీడీఆర్3ఎల్ అని ఉందా చూడండి. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. కొన్ని ల్యాప్‌టాప్‌లు రెండోదాన్నే తీసుకుంటాయి. ఉన్న స్టిక్ తీసి చేతిలో పట్టుకుని షాపుకు పోతే తిరిగి మార్చుకునే పని ఉండదు. నేను రెండుసార్లు తిరిగాను.